కునియోషి రోనిన్ బొమ్మ, చెక్క మీద నుంచి కాగితం మీదకి: ప్రాజెక్టు డైరీ

జపనీస్ ఉడ్‌బ్లాక్ ప్రింటు ఒకటి మొదట్నుంచి చివరిదాకా చేత్తో కాపీ చేసిన లెక్క ఇది. అసలు బొమ్మ ఉటగావా కునియోషిది, 1847లో మొదలైన 'సెయ్‌చూ గిషి దెన్' సిరీస్ లోది, నలభై ఏడుగురు రోనిన్ల, అంటే దొర లేని సమురాయ్‌ల, కథ. ఎందుకు మొదలెట్టాను, ఎంత ఊపుమీద ఉన్నాను అన్నవి వదిలేస్తున్నా. ఇంకెవరైనా ఈ పని పెట్టుకుంటే వాళ్లకి కాస్త డబ్బు, కాస్త కాగితం, వీలైతే వేళ్లు మిగలాలి, అంతే. నేనుండేది టోక్యోలో, నిషి-కసాయ్ లో చిన్న అపార్ట్‌మెంట్, డైనింగ్ టేబులే వర్క్‌షాపు. రేట్లు నాకు పడినవి, యెన్లలో.

స్టేజ్ 1: ఏ బొమ్మ, ఎంత సైజు (డిసెంబర్)

ఫుల్ కవచం వేసుకున్న సమురాయ్ ని ముందే పక్కన పెట్టేశా. కునియోషివే 'తైహెయికి ఎయ్‌యూదెన్' బొమ్మలు చూస్తే తెలుస్తుంది, భుజం పలకలు, నడుం కింద వేలాడే పలకలు అన్నీ పట్టుతాళ్లతో అల్లి ఉంటాయి, ఆ తాళ్ల వరసలే వందల గీతలు, వరస వరసకి రంగు మారితే ఒక్కో రంగుకి ఒక్కో బ్లాకు. మొదటిసారి చేసేవాడికి అది ఉరితాడే. రోనిన్ సిరీస్ లో అయితే చాలామంది ఒంటిమీద నలుపు తెలుపు రంపపు పళ్ల అంచున్న కోటు, కింద గొలుసు కవచం, వెనక బ్యాక్‌గ్రౌండ్ దాదాపు ఖాళీ. పైన జీవితచరిత్ర లాంటి టెక్స్ట్ ఉంటుంది, ఇప్పిట్సుఆన్ అనే రచయిత రాసింది, అది కూడా చెక్కాల్సిందే కానీ నేను కట్ చేసేశా. నా చేతికి అన్ని అక్షరాలు చెక్కే ఓపిక లేదు.

ఈ సిరీస్ లో పేర్లు చూసి కంగారుపడకండి. ఆకో సంగతి, అంటే ఈ రోనిన్లు తమ దొర కోసం పగ తీర్చుకోవడం, నిజంగా జరిగింది 1701 నుంచి 1703 మధ్య, వాళ్ల సమాధులు ఇక్కడే సెన్‌గకు-జి గుడిలో ఉన్నాయి. కానీ షోగునేట్ రోజుల్లో, అంటే సైనిక పాలకుల కాలంలో, 1573 తర్వాతి సమురాయ్ ఇళ్లవాళ్లని అసలు పేర్లతో అచ్చెయ్యడం నిషేధం. 1804లో ఉటమారో అంతటి ప్రింటు కళాకారుడు, 16వ శతాబ్దపు పాలకుడు హిదెయోషి బొమ్మలేసి చేతులకి సంకెళ్లు వేయించుకున్నాడు. అందుకని ఈ రోనిన్ల నాయకుడు ఓయిషి కురానోసుకే ఇందులో ఓబోషి యురానోసుకే అయ్యాడు, 1748 నాటి కబుకి, బొమ్మలాట నాటకం పేర్లే ఇక్కడా వాడేశారు. జనానికి ఎవరో తెలుసు, అధికారులకీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎవరూ కాదు. పబ్లిషర్ ఎబియా రిన్నోసుకే. సిరీస్ లో మీకు నచ్చిన షీట్ తీసుకోండి, కింద లెక్కలేం మారవు. మంచి స్కాన్లు నేషనల్ డైట్ లైబ్రరీ (జపాన్ పార్లమెంటు లైబ్రరీ) డిజిటల్ కలెక్షన్ లోనూ, రిత్సుమెయికాన్ యూనివర్సిటీ డేటాబేస్ లోనూ దొరుకుతాయి.

సైజు దగ్గర మొదటి దెబ్బ. అసలు ప్రింటు ఓబాన్, సుమారు 39 × 26 సెం.మీ. టేబుల్ చిన్నది, డబ్బు మిగులుతుంది అని సగం సైజు, చూబాన్, 26 × 19 కి కుదించి గీయించా. కుదిస్తే గీతలు కూడా సన్నబడతాయి కదా. గొలుసు కవచం రింగుల గీత 0.3 మి.మీ. కన్నా తక్కువకొచ్చింది, టెస్ట్ ముక్క మీద చెక్కితే ఒక్కటీ నిలబడలేదు, పొడి పొడి. అందుకని బొమ్మని కుదించడం మానేసి నడుం దాకా కత్తిరించా, స్కేల్ అసలుదే. చూబాన్ కాగితం, బొమ్మ 23 × 16.5 సెం.మీ., కనపడేది తల, చేతులు, కత్తి, కోటు, నడుంపట్టీ. కవచం తక్కువైనా పర్లేదు, మొహం పెద్దగా ఉంటేనే ఈ సిరీస్ లో మజా.

ట్రేసింగ్ సంగతి:

1. పలచని మినో కాగితం మీద గీత ఒకటే మందంతో గీసుకోండి. ఈ కాగితాన్నే హన్షితా అంటారు, బోర్లా చెక్కకి అంటిస్తారు కాబట్టి బొమ్మ తనంతట తనే అద్దంలోలా తిరగబడుతుంది, మీరు తిప్పక్కర్లేదు.
2. ప్రింటర్ మీద తీసుకుంటే లేజర్ ప్రింటే. ఇంక్‌జెట్ తీస్తే చెక్కకి అంటించే లై తడికి గీతలన్నీ కరిగి నీలంగా పాకిపోయాయి.
3. అంటించాక అరచేత్తో మధ్యలోంచి బయటికి రుద్దండి, సగం ఆరాక వేలికొనతో వెనక పొర నలిపి తీసెయ్యండి, పైన చుక్క నూనె రాస్తే గీతలు అద్దంలో కనపడ్డట్టు కనపడతాయి.

ఖర్చు: మినో కాగితం, లేజర్ ప్రింట్లు 2,000. మొత్తం: 2,000.

స్టేజ్ 2: చెక్క, ఉలులు (జనవరి)

ఎడో రోజుల నుంచి, అంటే ఆ షోగునేట్ కాలం నుంచి, దీనికి వాడేది యామాజాకురా, అంటే కొండచెర్రీ. పలకని నార పొడుగునా కోసి వాడతారు, యూరప్ వాళ్ల బాక్స్‌వుడ్ ఎన్‌గ్రేవింగ్ లాగా అడ్డకోత మీద చెక్కరు. చెర్రీ ఖరీదు కాబట్టి ముందు షినా ప్లైవుడ్ మీద కీ బ్లాకు, అంటే నల్ల గీతల బ్లాకు, ట్రై చేశా. షినా మెత్తన, చెక్కడం హాయి, అదే దాంతో గొడవ కూడా. కనుబొమ్మ అంచు, వేళ్ల మధ్య గీతలు ప్లై పై పొరతో సహా ఎగిరొచ్చేశాయి. 0.5 మి.మీ. పైన ఉన్న గీత నిలబడింది, దాని కింద నమ్మకం లేదు.

అందుకని నిర్ణయం: కీ బ్లాకుకి చెర్రీ పలక, రంగు బ్లాకులకి షినా. డబ్బు లెక్కన ఇది బ్రహ్మాండంగా అనిపించింది. జూన్ లో దీని సంగతి చెప్తా.

మా అమ్మమ్మగారి ఊరు పెడన దగ్గర, కలంకారీ అచ్చుల వాళ్లని చిన్నప్పట్నుంచీ చూస్తున్నా కాబట్టి బ్లాకు అంటే నాకు కొత్తేం కాదనే అనుకున్నా. అక్కడ టేకు అచ్చు చేతిలో ఉంటుంది, గుడ్డ పరిచి ఉంటుంది, అచ్చు కదిలి గుడ్డ మీదకి వస్తుంది, పక్క అచ్చుతో కలపడం కంటి లెక్క. ఇక్కడ మొత్తం ఉల్టా. బ్లాకు కదలదు, కాగితమే దాని మీదకి వస్తుంది, వెనకాల్నుంచి రుద్దుతారు, ప్రెస్సు లేదు. కలవడానికి కంటి లెక్కేం ఉండదు, చెక్కలోనే గుర్తులు చెక్కుతారు. పెడన అనుభవం చేతికి ఏమన్నా పనికొచ్చిందా అంటే సాన పట్టడం దగ్గర తప్ప లేదు.

కొన్న ఉలులు:

1. హంగితో, అంటే కత్తి, 6 మి.మీ. దీనికి మాత్రం పీనాసితనం చెయ్యొద్దు, మిగతా అన్నింటికన్నా ఎక్కువ పని దీనిదే.
2. ఐసుకి, గుండ్రటి మూతి చిన్న ఉలి, 3 మి.మీ.
3. గుండ్ర ఉలులు రెండు, కొయ్య సుత్తితో కొట్టి పెద్ద ఖాళీలు తియ్యడానికి.
4. కెంతో ఉలి, అంటే కాగితం కూర్చునే గుర్తులు కొయ్యడానికి, 15 మి.మీ., చదునుది.

సాన రాయి ఇంట్లో ఉంది, 1000, 6000 గ్రిట్. చెర్రీ మీద కత్తి మొద్దుబారడం తెలీదు, తెలిసేలోపు గీత చిట్లుతుంది. అందుకని అరగంటకోసారి, బాగానే తెగుతున్నా సరే, ఆపి సాన పట్టడం అలవాటు చేసుకున్నా. ఈ ఒక్క మార్పుతో చిట్లడం సగానికి సగం తగ్గింది.

ఖర్చు: షినా నాలుగు పలకలు 3,600, చెర్రీ పలక 14,000, ఉలులు 15,500. మొత్తం: 35,100.

స్టేజ్ 3: కీ బ్లాకు చెక్కడం (జనవరి, ఫిబ్రవరి)

పద్ధతి చెప్తే నాలుగు ముక్కలే:

1. గీతకి రెండు పక్కలా కత్తితో కోత. కత్తి మొన కిందకి పోయేకొద్దీ గీత నుంచి బయటికి పోయేట్టు వాల్చాలి, అప్పుడు గీత పైన సన్నగా, మొదట్లో వెడల్పుగా, గోడకి దన్ను పెట్టినట్టు మిగులుతుంది. నిలువుగా కోస్తే రుద్దేటప్పుడు విరుగుతుంది.
2. కొంచెం దూరంగా ఎదురు కోత, మధ్యలో సన్న కాలవ లేచొస్తుంది.
3. ఐసుకితో గీతల దగ్గర శుభ్రం.
4. గుండ్ర ఉలితో మిగతా మైదానం అంతా.

లోతు ఎంత అన్నది నాకెవ్వరూ చెప్పలేదు, అందరూ సరిపడా అంటారు. కొలిచి చెప్తున్నా. గీతల దగ్గర 1 మి.మీ. చాలు. కానీ గీతకి గీతకి మధ్య ఖాళీ 3 సెం.మీ. దాటితే తడి కాగితం అక్కడ కుంగుతుంది, రుద్దుతుంటే అడుగుకి తగిలి మరక పడుతుంది, నాకు నుదురు మీద, కత్తి పక్కనున్న ఖాళీలో పడింది. అక్కడ 3 నుంచి 4 మి.మీ. దాకా తవ్వాక పోయింది.

బొమ్మలోని ఖడ్గం గీత గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆ ఖడ్గం ఐమూలగా ఉంది, చెక్క నార నిలువుగా పోతోంది, నార వెంట పోయే గీత ఎంత సన్నదైనా ఓర్చుకుంటుంది, నారకి అడ్డంపడే గీతే తెగుతుంది. ఖడ్గం మొన దగ్గర సెంటీమీటరున్నర ముక్క టక్కుమని ఎగిరిపోయింది. దీనికి ఇక్కడ పాత వైద్యం ఉంది, ఇరెకి అంటారు. దెబ్బతిన్న చోట నీట్ గా పడవ ఆకారంలో గుంట తవ్వి, అదే చెర్రీ ముక్కని నార దిక్కు కలిపి, బిగుతుగా కొట్టి, జిగురు పెట్టి, ఆరాక చదును చేసి మళ్లీ చెక్కడం. ముక్క మరీ లూజుగా ఉంటే తడికి పైకి లేస్తుంది, నాది మొదటిసారి లేచింది, రెండోసారి ముక్కని కాస్త ఏటవాలు అంచులతో కోస్తే బిరడాలా కూర్చుంది. అచ్చులో అతుకు కనపడట్లేదు.

జుట్టు. అప్పటి వర్క్‌షాపుల్లో పని పంచుకునేవాళ్లు, ఒళ్లు, బట్టలు చిన్నవాళ్లు చెక్కేవాళ్లు, తల మాత్రం పెద్ద చెక్కుడుగాడిది. కణత దగ్గర వెంట్రుకలు నాలాంటివాడు పట్టుకుంటే అర్థమవుతుంది ఎందుకో. వెంట్రుకకి వెంట్రుకకి మధ్య సందుని రెండు కోతల్లో తియ్యాలి, మూడో కోత పడిందంటే పక్క వెంట్రుక పోయినట్టే. చెర్రీ మీద నాకు సెంటీమీటరుకి పన్నెండు దిగాయి. అసలు ప్రింటులో ఇంకా చాలా దగ్గరగా ఉన్నాయి. నేను జుట్టు తగ్గించి, కణత దగ్గర కాస్త నలుపు ముద్దగా వదిలేశా. దూరం నుంచి చూస్తే బానే ఉంది, దగ్గర్నుంచి చూసేవాళ్లని ఇంటికి పిలవను.

కీ బ్లాకుకి పట్టిన టైము అరవై గంటల పైమాటే, అందులో మూడో వంతు తలకే.

స్టేజ్ 4: కెంతో, రంగు బ్లాకులు (మార్చి, ఏప్రిల్)

కెంతో అంటే రిజిస్ట్రేషన్ గుర్తులు. కాగితం మూల కూర్చోడానికి ఎల్ ఆకారం గుర్తు ఒకటి, దాని పేరు కగి, బ్లాకు కింద కుడివైపు. అదే అంచు మీద ఎడంగా ఒక అడ్డగీత గుర్తు, హికిత్సుకే. ప్రతి బ్లాకు మీదా ఈ రెండూ అదే చోట ఉంటే ప్రతి రంగూ అదే చోట పడుతుంది. కాగితం ముందు కగిలో పెట్టాలి, తర్వాత ఎడం చెయ్యి హికిత్సుకేకి ఆనించాలి, ఆ తర్వాతే వదలాలి. ఈ వరస మారిస్తే కాగితం వంకర.

నా గుర్తుల లోతు 1.2 మి.మీ., బొమ్మ నుంచి 1 సెం.మీ. దూరం. లోతు తక్కువైతే తడి కాగితం గుర్తు మీద నుంచి జారిపోతుంది. ఇంకోటి, కాగితం మూల కచ్చితంగా 90 డిగ్రీలు ఉండాలి. చేతి కాగితానికి అంచులు పీచుగా ఉంటాయి, చూడ్డానికి అందమే కానీ కెంతోలో పెట్టే మూల, ఆ కింద అంచు, రెండూ స్కేలు పెట్టి కోసుకోండి.

రంగు బ్లాకులు ఎలా వస్తాయంటే, కీ బ్లాకునుంచి కెంతో గుర్తులతో సహా పలచటి కాగితం మీద కొన్ని అచ్చులు తీస్తారు, క్యోగో అంటారు, ఒక్కో రంగుకి ఒకటి. దాన్ని కొత్త చెక్కకి బోర్లా అంటించి, ఆ రంగు జాగా మాత్రమే మిగిల్చి చెక్కేస్తారు. ఇక్కడ నాకు తగిలిన దెబ్బ: క్యోగోని లై మీద పరిచి ఇస్త్రీ చేసినట్టు గట్టిగా లాగి రుద్దా, కాగితం సాగింది. 165 మి.మీ. బొమ్మ కొలిస్తే 166.5. గ్రే బ్లాకు మొత్తం పాడు, పలక తిప్పి రెండోవైపు మళ్లీ. రెండోసారి లై పలచగా, చెక్క మీదే రాసి, పొడి కాగితాన్ని పైనుంచి వదిలి, అరచేత్తో నొక్కడమే, లాగుడు లేదు. తేడా 0.3 లోపే వచ్చింది.

బ్లాకుల లిస్టు: గీతలు, కోటు నలుపు, గొలుసు కవచానికి గ్రే, కోటు లోపలి నీలం, నడుంపట్టీ, తాళ్లకి ఎరుపు, ఒంటి రంగు. మొత్తం ఆరు. రంగు అంచుని కీ గీత మధ్యదాకా రానివ్వండి, సుమారు 0.3 మి.మీ. గీత కింద దాక్కునేట్టు, లేకపోతే కాస్త కదిలినా తెల్ల సందు కనపడుతుంది. రంపపు పళ్ల దగ్గర మాత్రం కీ గీత లేదు, నలుపే గీత, దానికి దాక్కునే చోటే లేదు. ఈ పాయింటు నేను చెక్కేటప్పుడు కాదు, ముద్రించేటప్పుడు గమనించా.

ఖర్చు ఏం లేదు. మొత్తం: 35,100.

స్టేజ్ 5: కాగితం (మే, జూన్)

ప్రాక్టీసుకి మామూలు కోజో (ఒక రకం మల్బరీ) కాగితం ఇరవై షీట్లు. అసలు పనికి ఎచిజెన్ కిజుకి హొషో, ఫుకుయి వైపు చేతితో చేస్తారు, కోజో నారతో. పెద్ద షీటు 53 × 39, నాలుగు ముక్కలు చేస్తే చూబాన్. ఆరు షీట్లు కొన్నా, ఇరవై నాలుగు ముక్కలు.

ఈ కాగితం అలాగే వాడితే బ్లాటింగ్ పేపరే, రంగు పాకిపోతుంది. దోసా పట్టించాలి, అంటే జంతువుల జిగురు, పటిక కలిపిన నీళ్లు. నా పాళ్లు: లీటరు నీళ్లకి జిగురు 20 గ్రాములు, పటిక 10 గ్రాములు. జిగురుని రాత్రి నానబెట్టి, పొద్దున 60 డిగ్రీలు దాటకుండా కరిగించాలి, మరిగిస్తే పట్టు పోతుంది. అప్పుడు మా ఆవిడ వచ్చింది.

"ఏవండీ, ఏంటీ కంపు, ఏం ఉడకబెడుతున్నారు?"

"జిగురు."

"పాలగిన్నెలోనా!"

ఆ గిన్నె ఇప్పుడు పర్మనెంటుగా నాదే.

వెడల్పాటి బ్రష్షుతో రెండు వైపులా పూసి తీగ మీద ఆరేస్తే రెండు ముక్కలు బరువుకి క్లిప్పు దగ్గర చిరిగాయి, తర్వాత నుంచి కర్రకి రెండు క్లిప్పులు. షీట్లు: 24 లో 22 మిగిలాయి.

ముద్రించే ముందురోజు తడపాలి. ఒక షీటు వదిలి ఒక షీటుకి బ్రష్షుతో నీళ్లు, కట్టగా పేర్చి, ప్లాస్టిక్ కవరు చుట్టి రాత్రంతా వదిలేస్తే తడి సమంగా పాకుతుంది. ఎంత తడి అంటే, ఇస్త్రీకి నీళ్లు చిలకరించి చుట్టిపెట్టిన కాటన్ చీర ఎంత చల్లగా మెత్తగా ఉంటుందో అంత, పట్టుకుంటే చేతికి తడి అంటకూడదు. కొలత కావాలంటే నా షీటు పొడిగా 7.1 గ్రాములు, తడిపాక 10.5 కి దగ్గరగా ఉంటే బాగా పడింది.

జూన్ లో టోక్యోలో వానాకాలం. శనివారం తడిపి ఆఫీసు పనిలో పడి బుధవారం తీశా, కట్ట మధ్యలో మూడు షీట్లకి గులాబీ రంగు బూజు. జిగురంటే బూజుకి విందు భోజనం. ఇక్కడ అందరూ చేసేది, ఇప్పుడు నేనూ చేసేది, తడి కట్టని ఫ్రిజ్ లో పెట్టడం, ఇంకా ఎక్కువ రోజులైతే ఫ్రీజర్. ఇడ్లీపిండి పక్కన రోనిన్ల కట్ట చూసి మా ఆవిడ ఈసారి ఏమీ అనలేదు, పిండి గిన్నె మాత్రం పై అరకి మార్చింది. షీట్లు: 19.

ఖర్చు: ప్రాక్టీసు కాగితం 3,000, హొషో 16,800, జిగురు, పటిక 1,600. మొత్తం: 56,500.

స్టేజ్ 6: బ్లాకులు కలవలేదు (జూన్ చివర)

ప్రాక్టీసు కాగితం మీద అన్ని రంగులూ వేసి చూశా. ఎడం చేతివైపు కెంతో సరిచేస్తే కుడి భుజం దగ్గర రంగు తప్పుతోంది, కుడి సరిచేస్తే ఎడం. కెంతో తప్పు అయితే బొమ్మంతా ఒకే దిక్కుకి జరగాలి కదా. స్కేలు పెట్టి బ్లాకులే కొలిచా. రంగు బ్లాకులు 165 దగ్గరే ఉన్నాయి. చెర్రీ కీ బ్లాకు 165.8.

జరిగింది ఇదీ. జనవరిలో హీటర్ వేసిన గదిలో తేమ మీటరు 28 శాతం చూపించేది, జూన్ లో 76. చెక్క తేమ పీల్చి నారకి అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగునా దాదాపు ఏమీ మారదు, అందుకే 23 సెం.మీ. నిలువు కొలత అలాగే ఉంది, వెడల్పు మాత్రం పెరిగింది. చెర్రీ లాంటి చెక్క తేమ ఒక్క శాతం మారితే అడ్డంగా పావు శాతం దాకా కదులుతుంది, రెండు శాతం మారినా 165 మీద 0.8 వచ్చేస్తుంది. ప్లైవుడ్ లో పొరలు అడ్డదిడ్డంగా అంటించి ఉంటాయి కాబట్టి అది అంత కదలదు. అన్నీ చెర్రీ అయ్యుంటే అన్నీ కలిసి ఉబ్బేవి, ఎవరికీ తెలిసేది కాదు. డబ్బు మిగిలిందని సంబరపడ్డ నిర్ణయం ఇదే.

ఏం చేశానంటే:

1. కీ బ్లాకుని సిలికా జెల్ తో గాలి ఆడని డబ్బాలో పెట్టి, అల్మారాలో డీహ్యూమిడిఫైయర్ నడిపా, 45 శాతం దగ్గర. తొందరపడి హీటర్ ముందు పెట్టకండి, పలక దోనెలా వంగుతుంది.
2. సెప్టెంబర్ దాకా ఆగా. 165.2 కి వచ్చింది.
3. మిగిలిన 0.2 ని కెంతో సరిచేసి రెండు పక్కలకీ పంచేశా, గుర్తు ఒకవైపు ఉలితో పొరంత చెక్కి.
4. గ్రే బ్లాకుకి కెంతోని బయటికి కాదు లోపలికి జరపాల్సొచ్చింది, చెక్కినదాన్ని పెంచలేం కాబట్టి సన్న చెర్రీ పేడు జిగురుతో అంటించి మళ్లీ కోశా.

సమురాయ్ ప్రింటు అంటే అందరూ చెక్కడం గురించే అడుగుతారు. నాకు చెక్కడం కష్టమే కానీ చెక్కడంలో ఏది తప్పిందో కంటికి కనపడుతుంది. నీళ్లు చేసే పని కనపడదు, కాగితంలో ఉంటుంది, చెక్కలో ఉంటుంది, గాలిలో ఉంటుంది, ముద్రించాక బయటపడుతుంది. తేమ మీటరు ఉలికన్నా ముందు కొనండి.

స్టేజ్ 7: నలుపు (సెప్టెంబర్, అక్టోబర్)

సామాను: కాగితం వెనకాల రుద్దే బారెన్ ఒకటి. కొబ్బరితాడులా మెలిపెట్టిన వెదురు పొత్తు తాడుని చుట్టగా చుట్టి, గుండ్రటి పలక మీద పెట్టి, పైన వెదురు పొత్తు ఆకు బిగిస్తారు. పాత పద్ధతిలో చేసినవి లక్ష యెన్లు దాటతాయి, నాది 9,500 ది. గుర్రపు వెంట్రుకల బ్రష్షులు నాలుగు. బారెన్ జారడానికి చుక్క కమేలియా నూనె. కొబ్బరినూనె చాలదా అనుకోకండి, ఇక్కడ చలికి సీసాలోనే గడ్డకడుతుంది.

గీతలు, ఒంటి రంగు, గ్రే, నీలం మామూలుగానే పడ్డాయి. నీలం బెరో-ఐ, అంటే ప్రష్యన్ బ్లూ, 1830 ప్రాంతం నుంచి ఈ ప్రింట్లలో విపరీతంగా వాడింది అదే. కింది అంచుకి షేడ్ కోసం బ్రష్షు ఒక మూలకే రంగు, మిగతాదంతా నీళ్లు, నార వెంట అటూ ఇటూ లాగడం. మూడు ప్రాక్టీసు షీట్లకి చెయ్యి కుదిరింది.

నలుపు మాత్రం ఏడిపించింది. అరచెయ్యంత జాగా ఒకే నలుపు రావాలి. వచ్చింది చుక్కల నలుపు, నువ్వులు చల్లినట్టు తెల్ల మచ్చలు, ఇక్కడి ప్రింటర్లు కూడా దీన్ని నువ్వుల అచ్చనే అంటారు. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయా:

1. మసి, అంటే నల్ల సిరా. స్కూలు పిల్లల సీసా మసి వాడా, అందులో రెజిన్ ఉంటుంది, బ్రష్షు గంటలో గట్టిపడింది. మసి కడ్డీ విరిచి వారం రోజులు నీళ్లలో నానబెట్టి నూరింది వాడాక నలుపు లోతుగా వచ్చింది, బ్రష్షూ బతికింది.
2. గంజి. బియ్యప్పిండి ఒకటికి నీళ్లు ఐదు, ఉడికించి వడకట్టింది. మసితో పాటు బ్లాకు మీదే శనగగింజంత. లేకపోతే నువ్వులు, ఎక్కువైతే కాగితం బ్లాకుకి అతుక్కుని పీచు లేస్తుంది. నాకు రెండు శనగగింజల దగ్గర కుదిరింది.
3. బ్లాకుకే దాహం. ముద్రించే గంట ముందు నుంచి తడి బట్ట కప్పి ఉంచాలి, లేకపోతే షినా మసి నీళ్లన్నీ తాగేస్తుంది.
4. ఎత్తు. టేబుల్ మీద నిలబడి రుద్దితే భుజం బలమే పడుతోంది. పాత ప్రింటర్లు నేల మీద కూర్చుని, బల్ల అవతలికి వాలి ఉండేట్టు పెట్టుకుంటారు. నేనూ నేల మీదకి దిగా, బ్లాకు కింద తడి టవలు, ముందుకి వంగితే ఒళ్లు బరువంతా బారెన్ మీదకి వచ్చింది. అన్నింటికన్నా ఎక్కువ తేడా దీనివల్లే.
5. రెండు పూతలు. మొదటిది పలచన, ఆరనివ్వకుండా రెండోది చిక్కన.

రెండో పూత అదే చోట పడాలి, పైన చెప్పిన రంపపు పళ్ల దగ్గర దాక్కునే గీత లేదు. 0.2 కదిలినా ప్రతి పంటికీ బూడిద రంగు నీడ. ఐదు షీట్లు దీనికే పోయాయి. ఆఖరికి మొదటి పూతలో పళ్ల కొనలకి మసి రాయకుండా, బట్టతో తుడిచేసి, రెండో పూతలోనే కొనలు పడేట్టు చేస్తే అంచు కత్తిలా వచ్చింది. మధ్యలో బారెన్ ఆకు చిట్లి ఒక షీటు వెనక గీరుకుపోయింది. ఆకు అరిగింది గోధుమ రంగు తెల్లబడితే తెలుస్తుంది, చిట్లేదాకా ఆగొద్దు. షీట్లు: 13.

మంచి ప్రింట్లలో నలుపు మీద పక్కనుంచి చూస్తే మెరుపు నగిషీ కనపడుతుంది, షోమెన్-జురి. ప్రింటుని బొమ్మ పైకి ఉండేట్టు బ్లాకు మీద పెట్టి నున్నటి దంతం లాంటిదానితో రుద్దుతారు. నేను సూపు తాగే పింగాణీ చెంచా వెనకతో రుద్దా. రెండింటి మీద మెరుపు వచ్చింది, మూడోదాని మీద పీచు లేచింది, నా దోసా అంత గట్టిది కాదు. ఆపేశా. షీట్లు: 12.

ఖర్చు: బారెన్ 9,500, బ్రష్షులు 5,600, మసి, రంగులు 6,200, నూనె 800, వెదురు పొత్తులు 1,200. మొత్తం: 79,800.

స్టేజ్ 8: ఎరుపు (నవంబర్)

పాతకాలంలో ఈ ఎరుపుకి కుసుమపువ్వు రంగు, ఇంగిలీకం. ఇంగిలీకం పాదరసం, పాత పసుపుల్లో హరిదళం ఆర్సెనిక్, పిల్లలున్న ఇంట్లో ఇవేవీ వద్దు. బెంగరా, అంటే ఎర్రమట్టి రంగు, వాడితే నడుంపట్టీ తుప్పు పట్టినట్టుంది. దాంట్లో గౌష్ (చిక్కటి వాటర్‌కలర్) ఎరుపు సగానికి సగం కలిపితే సరిపోయింది.

ఎరుపు బ్లాకులో నడుంపట్టీ బానే ఉంది కానీ భుజం మీద తాడు 0.8 మి.మీ. గీత, షినా మీద, ఇన్నిసార్లు తడిసి ఆరి అంచులు మెత్తబడ్డాయి. మూడు షీట్లలో తాడు మధ్యలో తెగి పడింది. షీట్లు: 9. తాడుని నడుంపట్టీ నుంచి విడదీసి చిన్న చెర్రీ ముక్క మీద వేరే బ్లాకుగా చెక్కుతున్నా, ముక్క 2,400, మొత్తం 82,200. కత్తికోతలు అయిపోయాయి, కెంతో ఇంకా కొయ్యలేదు. కీ బ్లాకు ఈ పొద్దున 165.1, గది తేమ 41. రెండూ ఈ అంకెల దగ్గర ఉండగానే కోసెయ్యాలి.